పాపిట లేని చోట

ఫిబ్రవరి పదకొండు. ఆ మధ్యాహ్నం వంకాయ ఎండురొయ్యల కూర, మిరియాల చారు. మా అత్తగారు కూర రెండోసారి వడ్డించి, నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, "మీకు పెళ్లయిందేటి బాబూ?" అని అడిగారు.

అయిందన్నాను.

"మరి మీ ఆవిడేది?"

పోయిందని, నాలుగేళ్లయిందని చెప్పాను. ఆవిడ కాసేపు నా కంచం వైపు చూసి, "అయ్యో, ఒంటిమనిసి," అని ఇంకో గరిటె అన్నం పెట్టారు. పోయిన మనిషి ఆవిడ కూతురు వరహాలు. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

కిందటి వినాయక చవితి వెళ్లిన వారానికి అత్తగారికి మెదడు జ్వరం వచ్చింది. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉండి తిరిగి వచ్చేసరికి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, వంట మరిచిపోలేదు, పుట్టింటి వాళ్ల పేర్లన్నీ చెప్పగలరు. కూతురు మాత్రం మొత్తం లేదు. కూతురు లేదు కాబట్టి అల్లుణ్ణి నేనూ లేను. ఆమదాలవలసలోని ఈ ఇల్లు తనదేననీ, ముందు గదిలో అద్దెకున్న పెద్దమనిషిని నేననీ ఆవిడ తీర్మానించుకున్నారు. ముప్పై రెండేళ్లు మట్టి పరీక్షా కేంద్రంలో పనిచేశాను. చుట్టుపక్కల రైతులు గుడ్డ సంచుల్లో పొలం మట్టి తెచ్చి నన్ను 'మట్టిబాబు' అని పిలిచేవారు. వీధిలో ఎవరో అలా పిలవగా విని ఆవిడా అదే మొదలుపెట్టారు. గొర్లె నరసమ్మగారి ఇంట్లో మట్టిబాబు అద్దెకుంటున్నాడు. మాకు పిల్లలు లేరు కనక కాదని చెప్పేవాళ్లు కూడా లేరు.

మొదట్లో వరహాలు ఫోటో గోడకే ఉండేది. రోజూ పొద్దున ఆవిడ దాని ముందు ఆగి, "పాపం, సిన్న వయసే. మీ సెల్లెలా బాబూ?" అని అడిగేవారు. తొమ్మిదో రోజుకి ఫోటో తీసి పెట్టెలో పెట్టేశాను.

నన్ను ఆవిడ బాగా చూసుకునేవారు. ఈ మాట నిజాయితీగా చెప్పాలి. నా ఎదురుగా కూర్చుని తన చిన్నప్పటి కబుర్లు చెప్పేవారు, నేను సరిగ్గా తినకపోతే కోప్పడేవారు. ఇంకొకరి ఇంట్లో పరాయివాడికి దొరికే దయ అది. అయినా నాలుగేళ్ల తరవాత నా ఎదురుగా ఒక మనిషి కూర్చుని మాట్లాడటం అదే మొదలు.

ఆవిడకి మాత్రం నిలకడ లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏదో వెతకడం మొదలుపెట్టేవారు. బీరువా, బియ్యం డబ్బా, మంచం కింద. ఏం పోయిందని అడిగితే, "ఏటో ఎక్కడో పెట్టీసినాను బాబూ. గ్యాపకం రాట్లేదు. సాలా ముక్యమైనది," అనేవారు. తిండి తగ్గింది. నెలకి రెండు కిలోల చొప్పున బరువు తగ్గారు. జనవరిలో ఒకరోజు రైలు గేటు దగ్గర దొరికారు. పట్టాలు దాటి అవతల వెతుకుతానని గేట్‌మన్‌తో గొడవపడుతున్నారు.

విశాఖలో కొండ మీద ఒక పరిశోధనాశాల ఉందని ఆసుపత్రి వాళ్లు చెప్పింది ఆ వారమే. ఫిబ్రవరి పదకొండున అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వాళ్లకి ఫోన్ చేశాను.

అక్కడి పెద్ద డాక్టర్ సనపల హైమవతి. నలభై అయిదేళ్లుంటాయి. మాట సూటిగా ఉంటుంది, గొంతులో కఠినం లేదు. అత్తగారి మెదడు చిత్రాలు చూసి, గోడకున్న చిలక్కొయ్య మీద చెయ్యి వేశారు. మనకి దగ్గరైన ప్రతి మనిషికీ మెదడులో ఇలాంటిదొకటి ఉంటుందనీ, ఆ మనిషి తాలూకు జ్ఞాపకాలన్నీ దానికే తగిలించి ఉంటాయనీ చెప్పారు. నరసమ్మగారి చిలక్కొయ్య ఊడిపోయింది. తగిలించినవి కిందపడి ఉన్నాయి గానీ కాలిపోలేదు. అందుకే వెతుకుతున్నారు. కూతురున్న ఒక్క క్షణాన్ని బలంగా మళ్లీ దిగ్గొడితే మిగతావి ఒక్కొక్కటే పైకి రావచ్చు. ఆ క్షణంలో ఆవిడా ఉండి ఉండాలి, దాన్ని ఇచ్చే మనిషీ ఉండి ఉండాలి. ముగ్గురం ఉన్న క్షణాలు తెలిసిన మనిషి నేనొక్కణ్ణే.

"ఇస్తే మీకేం పోతుందో ముందు చూపించాలి. లేకపోతే ఎవరూ నమ్మరు," అన్నారు డాక్టరుగారు. సంతకం పెట్టించుకుని నా తలకి తీగల టోపీ తొడిగారు. పొద్దున రైలు దిగి తిన్న టిఫిన్ గురించి ఒక్క వాక్యం చెప్పమన్నారు. ఇడ్లీలో కొబ్బరి చట్నీ ముంచుకున్నానని చెప్పాను. అద్దానికి అవతలి గదిలో, అలాంటి టోపీ పెట్టుకుని కూర్చున్న ముసలాయన మొహం చిట్లించారు.

"చట్నీ పులిసింది మేడమ్. ఈయనెలా తిన్నాడో."

నవ్వొచ్చింది. అంతలో డాక్టరుగారు, ఆ హోటల్లో నా పక్కన ఎవరు కూర్చున్నారని అడిగారు. తెలియలేదు. బల్ల రంగు అడిగారు. తెలియలేదు. ఇడ్లీ, చట్నీ, ముంచిన వేలు, అంతే ఉన్నాయి. చుట్టూ ఏమీ లేదు. గంటన్నర కిందటి సంగతి అది.

యంత్రం ఒక జ్ఞాపకాన్ని తెరిచి, చెప్పిన మాట వెంట అవతలి మనిషికి పంపి, చెప్పిన మేరకే తిరిగి మూస్తుంది. మాటల్లోకి రానిది ఆ మనిషికి అందదు, ఇచ్చినవాడికీ మిగలదు.

ముసలాయన పేరు వేదాంతం శఠగోపాచార్యులు. ముప్పై అయిదేళ్లు తెలుగు పండితుడిగా అలంకార శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇక్కడ ఆయన పని అలంకారాలు ఏరిపారేయడం. క్షణాన్ని ఇచ్చేవాళ్లు రాసుకొచ్చిన పంక్తులు ఆయన చూడందే యంత్రం దగ్గరికి పోవు. నాకు నియమాలు ఆయనే చెప్పారు. ఛందస్సు ఉండకూడదు. మొదట్లో ఒకరికి సీసపద్యంలో ఇచ్చి చూశారు. బొబ్బిలి నుంచి వచ్చిన ఆ పెద్దాయన లేచి రాగం తీశాడు, క్షణం మాత్రం అందలేదు. అందుకని వచన కవిత. పంక్తి విరిగిన చోట యంత్రం ఒక బొమ్మని మూసి ఇంకోటి తెరుస్తుంది. పాట ఉండకూడదు. ప్రేమ, జాలి, బాధ లాంటి మాటలు యంత్రానికి అర్థం కావు. కంటికీ చెవికీ ముక్కుకీ చర్మానికీ తెలిసినవే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా పోలిక పనికిరాదు.

ఎందుకని అడిగాను. ఆచార్యులుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకాయనకి చెల్లెలు గుర్తులేదు. వాళ్లమ్మ రాసిన పంక్తులు మరీ బోడిగా ఉన్నాయని నేనే ఒక చోట 'పున్నమి చంద్రుడి వంటి ముఖం' అని చేర్చాను. చెయ్యి ఊరుకోలేదు. ఇప్పుడాయనకి చెల్లెలు గుర్తుంది, నాయుడుగారూ. లంగా, జడ, చేతి గాజులు, అన్నీ ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట చంద్రుడు ఉన్నాడు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

నేను రాయాల్సిన క్షణం ఏదో నాకు ఇంటికి వచ్చే రైల్లోనే తెలుసు. వేరేది దొరుకుతుందేమోనని వారం రోజులు వెతికాను. పెళ్లిలో జనం ఎక్కువ. పండగల్లో అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముగ్గురమే ఉండి, చెక్కు చెదరకుండా ఉన్నది ఒక్కటే. వరహాలు జబ్బుపడ్డ ఏడాది, మందులకి జుట్టంతా రాలిపోయాక, మా పెరట్లో ఒక సాయంత్రం. తల్లి ఆమె తలకి ఆముదం రాస్తోంది.

కవిత్వం నా పని కాదు. నా చేతికి అలవాటైంది మట్టి నివేదిక. మొదటి ప్రతిలో 'స్థలం: పెరటి గట్టు. నేల: సిమెంటు, తేమ ఎక్కువ. తల: వెంట్రుకలు లేవు' అని రాసి పంపాను. ఆచార్యులుగారు ఫోన్ చేసి పగలబడి నవ్వారు. ఇంత నిరలంకారంగా రాసే మనిషిని జన్మలో చూడలేదనీ, తన శిష్యులందరినీ నా దగ్గర చదివించాల్సిందనీ అన్నారు. తరవాత నెమ్మదిగా చెప్పారు. తేమ ఎక్కువ అనకండి, అది మీ కాలికి ఎక్కడ తగిలిందో చెప్పండి.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని రాసేవాణ్ణి. ఆ క్షణంలోకి వెళ్లి ఒక వస్తువు తెచ్చుకునేవాణ్ణి. స్టీలు గిన్నె. మర్నాడు గిన్నె అంచు మీద చీమ. ఇంకో రోజు వరహాలు చెవి వెనక నీలి నరం. ఆ నరం నాకు గుర్తుందని నాకే తెలియదు. బతికున్నప్పుడు ఆమెని అంత శ్రద్ధగా చూశానా అని సందేహం వచ్చింది. నాలుగేళ్లుగా చెయ్యని పని ఏదో చేస్తున్నట్టు ఆ మధ్యాహ్నాలు ప్రశాంతంగా గడిచాయి.

అత్తగారు టీ తెచ్చి పక్కన పెట్టి, ఎవులికి ఉత్తరం అని అడిగేవారు. మా ఆవిడ గురించి రాసుకుంటున్నానని చెప్పాను. ఆవిడ అరుగు మీద చతికిలబడి, ఆవిడెలాగుండీది అని అడిగారు. చామనఛాయ అన్నాను, నవ్వితే ఒక పక్క పన్ను మీద పన్ను కనిపించేదన్నాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"మంచి మనిసే గావాల. ఆవిడ తల్లి ఉన్నాదా?"

ఉందన్నాను.

"ఎలా బతుకుతున్నాదో పాపం," అన్నారావిడ, నా టీ గ్లాసు మీద వాలిన ఈగని తోలుతూ.

పద్నాలుగు పంక్తులు తయారయ్యాయి. అందులో ఒకటి ఆచార్యులుగారు కొట్టేయమన్నారు. పక్కింటి రేడియోలో ఏదో పాట వస్తుంటే వరహాలు సన్నగా గొంతు కలుపుతోందని రాశాను. పాట వద్దని ముందే చెప్పాను కదా అన్నారు. రాగం చొరబడితే మిగతా అన్ని పంక్తులనీ మింగేస్తుంది. వేరే దారి ఉందేమోనని డాక్టరుగారిని కూడా అడిగాం. లేదన్నారు. ఆ పంక్తి మీద నేనే గీత పెట్టాను.

నేను కావాలని వదిలేసిన పంక్తి ఒకటుంది. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు.

మార్చి నెలాఖరున అత్తగారిని తీసుకుని విశాఖ వెళ్లాను. తలనొప్పికి మంచి డాక్టరని చెప్పి బయల్దేరదీశాను. పొద్దున నా ఒక్కడి మీద పరీక్ష. అందులో జ్ఞాపకం తెరుచుకోదు, పంక్తుల వెంట ఎలా నడుస్తుందో మాత్రం తెర మీద గీతగా కనిపిస్తుంది. ఏడు పంక్తుల దాకా గీత నిండుగా సాగింది. 'వేళ్లు ఆగాయి' అన్న చోట కుప్పకూలింది.

డాక్టరుగారు మూడుసార్లు చూసి టోపీ తీసేశారు. తల్లి చెయ్యి ఎందుకు ఆగిందో పంక్తుల్లో లేదనీ, అక్కడ ఖాళీ ఉందనీ అన్నారు. ఖాళీ ఉంటే అందుకునే మెదడు తనకి తోచిన కారణంతో దాన్ని నింపుకుంటుంది. అది ఏదైనా కావచ్చు, భయంకరమైనదీ కావచ్చు. రెండే దారులు. అక్కడేం జరిగిందో రాయడం, లేదా వేళ్లు ఆగక ముందే కవిత ముగించడం. మొదటి ఏడు పంక్తులూ చాలు, చిలక్కొయ్యకి అవి సరిపోతాయి. నిర్ణయం మీదే, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడదాం అన్నారు.

అత్తగారు నర్సుతో కబుర్లు చెబుతూ పెరుగన్నం తింటున్నారు. నేను బయటికి వచ్చి గోడ నీడలో కూర్చున్నాను. కింద సముద్రం కనిపిస్తోంది, చప్పుడు వినిపించనంత దూరంలో. ఆచార్యులుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. అందుకే చెప్పగలిగాను.

ఆముదం రాసిన ఆ రోజు పొద్దున విశాఖ ఆసుపత్రి వాళ్లు ఇక మందు మార్చి లాభం లేదని నాకొక్కడికే చెప్పారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పెరట్లోకి వెళితే తల్లీ కూతుళ్లు నవ్వుకుంటూ కూర్చున్నారు. వెంట్రుక లేని తల మీద మా అత్తగారు వేలితో పాపిట తీస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "లేని జుట్టుకి నూనెందుకు?" అన్నాను. అరిచాననే చెప్పాలి. ఆవిడ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. తరవాత వరహాలు నలభై రోజులే ఉంది. ఆ మాటకి క్షమాపణ నేను ఇద్దరిలో ఎవరికీ చెప్పుకోలేదు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు, పళ్లు తోముకుంటున్నప్పుడో చెప్పులు వేసుకుంటున్నప్పుడో, ఆ మాట నా గొంతుతోనే వినిపిస్తుంది.

"ఏడు పంక్తులకి ఆపేస్తే అది నాకూ ఉండదు, ఆవిడకీ ఉండదు. అంతేనా?" అని అడిగాను.

"అంతే. ఏడు పంక్తులూ మంచి కవితే. నేను తీర్పు చెప్పను. చెయ్యి ఊరుకోక ఒకసారి చెడగొట్టినవాణ్ణి," అన్నారాయన.

ఇంకో భయం కూడా ఆయనకి చెప్పాను. పూర్తిగా రాస్తే మా అత్తగారికి నేను తిరిగి తెలిసే మొదటి క్షణం అదే అవుతుంది. మట్టిబాబుకి కూర రెండోసారి వడ్డించే ఆవిడ, ఆ మాట అన్న అల్లుణ్ణి ఎలా చూస్తారో తెలియదు. ఆవిడ తప్ప నాతో మాట్లాడే మనిషి లేరు.

ఆచార్యులుగారు తలూపి, లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయారు.

రెండింటి దాకా ఏడు పంక్తుల వైపే ఉన్నాను. ఆ మాట లేని రోజు ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. భుజం మీది బస్తా ఎవరో దింపినట్టనిపించింది. అప్పుడు, చివరిసారి చూసుకుందామని, వేళ్లు ఆగిన తరవాత జరిగినదంతా మనసులో నడిపించుకున్నాను. వరహాలు చెయ్యి పైకి లేచింది. తల్లి చేతిని వెతుక్కుంది. తిరిగి తన తల మీద పెట్టుకుంది. ఒక మాట అంది.

నేనా మాట అనకపోతే ఆమె ఈ మాట అనేది కాదు. ఏడో పంక్తి దగ్గర ఆపితే నా మాటతో పాటు ఆమె మాటా పోతుంది. నన్ను నేను వదిలించుకోవాలంటే ఆమె చెయ్యి కూడా వదిలేయాలి.

లోపలికి వెళ్లి పెన్ను అడిగాను. ఆచార్యులుగారు చూసి ఒక్క అక్షరం మార్చలేదు.

మూడింటికి అత్తగారికి టోపీ తొడిగారు. తలకి బరువుగా ఉందని గొణిగారు. మట్టిబాబు పక్కనే ఉంటాడా అని నర్సుని అడిగారు. మా ఇద్దరి మధ్యా చిన్న బల్ల. నేను కాగితం చూడకుండా, పంక్తికీ పంక్తికీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాను.

నాలుగున్నర. పెరటి గట్టు.
నా మడమల కింద తడి సిమెంటు.
స్టీలు గిన్నెలో ఆముదం, అంచు మీద చీమ.
వరహాలు నేల మీద, తల్లి మోకాళ్ల మధ్య.
నున్నటి తల. చెవి వెనక నీలి నరం.
తల్లి చూపుడువేలు పాపిట తీస్తోంది
పాపిట లేని చోట.
నా నోట్లోంచి: "లేని జుట్టుకి నూనెందుకు?"
వేళ్లు ఆగాయి.
ఆముదం చుక్క ఒకటి మెడ మీదికి జారింది.
వరహాలు చెయ్యి పైకి లేచింది,
తల్లి చేతిని వెతికి పట్టుకుంది,
తిరిగి తల మీద పెట్టుకుంది.
"రాయమ్మా," అంది. "సల్లగా ఉంది."

అత్తగారు కళ్లు మూసుకునే ఉన్నారు. ఏడో పంక్తి దగ్గర ఆవిడ కుడి చూపుడువేలు బల్ల మీద కదలడం మొదలుపెట్టింది. ఎనిమిదో పంక్తికి ఆగింది. ఆఖరి మాట అయిపోయాక ఆవిడ అరచెయ్యి బోర్లించి, గుండ్రంగా, మెల్లగా, బల్లకి రాయడం మొదలుపెట్టారు. డాక్టరుగారు గోడ వైపు తిరిగారు.

ఆవిడ కళ్లు తెరిచాక నా వైపు చూడలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నేను నోటు పుస్తకం తీశాను. కొట్టేసిన పంక్తి కనిపించింది: 'పక్కింటి రేడియోలో పాట. వరహాలు గొంతు కలిపింది.' అక్షరాలు నావే. వాటి మీద పెట్టిన గీత కూడా నాదే. మా పక్కింట్లో రేడియో ఉండేదని తెలుసు. ఆ సాయంత్రం మాత్రం పెరట్లో మా మాటలు తప్ప ఏ చప్పుడూ లేదు. చాలాసేపు ప్రయత్నించాను. పాటేదో కూడా రాసుకోలేదు. మరొకరి నోటు పుస్తకం చదివినట్టు చదివి మూసేశాను. ఆ సాయంత్రంలో నాకు మిగిలింది పద్నాలుగు పంక్తులు. అందులో ఆమె గొంతు ఉంది, రెండు మాటలు. అంత మేరకి అదృష్టవంతుణ్ణి.

చీపురుపల్లి దాటాక ఆవిడ కిటికీలోకే చూస్తూ, "అది లేదు గదా బాబూ?" అన్నారు.

"లేదండీ. నాలుగేళ్లయింది."

ఈ మాట ఎలాగూ చెప్పాల్సి వస్తుందని ముందే తెలుసు. ఆవిడ గట్టిగా ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పొందూరులో ఎక్కిన ఒకామె ఏమీ అడగకుండా తన నీళ్ల సీసా మూత తీసి ఆవిడ చేతికిచ్చింది. మా స్టేషను వచ్చేదాకా ఆవిడ ఆ సీసాని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఏడు దాటింది. ఆవిడ ఏమీ వెతకలేదు. సరాసరి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించారు. ఎనిమిదింటికి హాల్లో ఒక్క కంచం పెట్టి ఉంది. అన్నం, చారు, అప్పడం, మూత పెట్టిన మజ్జిగ గ్లాసు. ఎదురుగా పీట లేదు. ఆవిడ లోపలి గది తలుపు వెనక నిలబడి ఉన్నారు. చీర అంచు మాత్రం కనిపిస్తోంది.

మా వైపు పాత తరం అత్తగార్లు అల్లుడి ఎదట కూర్చోరు. కూర్చుని మాట్లాడరు. వరహాలు ఉన్నన్నాళ్లూ మా అత్తగారు నాతో ముఖాముఖి పది మాటలు ఆడి ఉండరు. ఏం కావాలన్నా కూతురి చేత అడిగించేవారు. ఈ ఆరు నెలలూ నా ఎదట పీట వాల్చుకుని కూర్చున్నది గొర్లె నరసమ్మగారు, ఇంటి యజమానురాలు. అల్లుడు తిరిగి వచ్చాడు కనక ఆవిడ వెళ్లిపోయారు. ఈ సంగతి నేను ముందే ఆలోచించుకుని ఉండాల్సింది. ఆ మాట విన్నాక అసహ్యించుకుంటారేమోనని భయపడ్డాను గానీ, మర్యాద చేస్తారని అనుకోలేదు.

తల దించుకుని తినడం మొదలుపెట్టాను.

"ఆ మాట..." అన్నారావిడ తలుపు వెనక నుంచి.

ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఆ మాట నా నోటికాడికీ వచ్చీసింది బాబూ, ఆ పూట. నూని రాస్తూ అదే అనుకుంటన్నాను. లేని జుత్తుకి ఎందుకిది, ఎవుల్ని మోసం సెయ్యడానికి అని. మీరు ముందు అనీసినారు. అంతే."

మళ్లీ అన్నం కలుపుకున్నాను. చారు ఇంకా వెచ్చగానే ఉంది. చివరి ముద్ద దాకా తిన్నాను. ఆవిడ అంతసేపూ అక్కడే నిలబడి ఉన్నారు. ఒంటరిగా తిననివ్వకుండా ఉండటానికి మర్యాద ఒప్పుకున్నంత దగ్గరలో.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కంచం తీసేసి ఉంది, నేల తుడిచి ఉంది. వీధి తలుపు గడియ పెట్టమని, తాను పడుకుంటానని గోడతో చెబుతున్నట్టు చెప్పారు.

"మంచిదండీ, అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ తలుపు రెక్కలు రెండూ దగ్గరికి చేర్చి, చప్పుడు కాకుండా లోపల గడియ వేసుకున్నారు.